డమ్మీ మాటలు

పాటల వ్యాపారంలో ఉన్నవాళ్ళందరూ ఆయన్ని కూనిరాగం అనేవాళ్ళు. అసలు పేరు పాటల కింద అచ్చులో కనిపించేదే తప్ప ఎవరి నోటా వినిపించేది కాదు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు, ఆయనా పలకడం మొదలుపెట్టాడు. పేరు పెట్టినవాడి తప్పేం లేదు. లిఫ్టులో నిలబడ్డా, బ్యాంకులో వరుసలో ఉన్నా, ఎవరో పోయారని పరామర్శకు వెళ్ళినా ఆయన పెదవుల వెనక ఏదో ఒకటి సన్నగా తిరుగుతూనే ఉండేది. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకుని కూడా గొంతులోంచి రాగం తీస్తుంటే, ఆ డాక్టరు మిషను ఆపేసి, "మీ పని అయ్యాక చెప్పండి, నా పని మొదలుపెడతాను" అన్నాడట.

ఆయన పని బాణీలు కట్టడం. మాటలు రాయడం కవిగారి పని. బాణీ ముందు పుడుతుంది, మాటలు తర్వాత వచ్చి అందులో సర్దుకుంటాయి. అయితే ఉత్త లాలాలు పాడి వినిపిస్తే ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కవికి అంతు చిక్కదు. అందుకని బాణీ కట్టేవాడు నోటికొచ్చిన మాటలేవో అతికించి పాడతాడు. వాటిని డమ్మీ మాటలంటారు. దర్జీ అసలు గుడ్డ మీద కత్తెర పెట్టకముందు పాత కాగితం మీద కొలత కత్తిరించుకుంటాడే, అలాంటివి. పని అయిపోయాక చెత్తబుట్టలోకి పోతాయి. వేలమంది కళ్ళు తుడుచుకుంటూ విన్న ఒక విరహగీతం కూనిరాగం ఇంట్లో "గ్యాసు బండ అయిపోతే చెప్పనైనా చెప్పవేం" అని పుట్టింది. ఇంకొకటి మేడ మీద అద్దెకున్నవాళ్ళ నీళ్ళ మోటారు గురించి. ఆ ఇంట్లో డమ్మీ మాటలకు విలువ లేదు. అవి చెవిన పడతాయి గాని మనసుకు ఎక్కవు. ఏళ్ళ తరబడి అలవాటైపోయి, బాణీ వినేటప్పుడు మాటలు వినడమే మానేశారు ఆ ఇంట్లోవాళ్ళు. ఈ కథలో జరిగిన అనర్థానికంతా మూలం అదే గనక ముందుగా చెప్పాల్సి వచ్చింది.

ఆయన భార్య పోస్టాఫీసులో కౌంటరు వెనక కూర్చునేది. సంగీతం ఒక్క ముక్క రాదు. "రాదు కాబట్టే నా మాట వినాలి. వినేవాళ్ళలో నాలాంటివాళ్ళేగా ఎక్కువ" అనేది. ఆవిడ పెట్టే పరీక్ష ఒకటుండేది. రాత్రి ఆయన కొత్త బాణీ వినిపిస్తే అవుననీ అనేది కాదు, కాదనీ అనేది కాదు. పొద్దున్నే జడ వేసుకుంటూ తనకు తెలియకుండా తనే దాన్ని పాడుకుంటే పాట పాసైనట్టు. పాడుకోకపోతే కూనిరాగం ఇంకోటి కట్టేవాడు. ఆవిడ జడ దగ్గర తప్పిన బాణీని ఏ నిర్మాత కాళ్ళు పట్టుకున్నా ఇచ్చేవాడు కాదు.

ఒక్కగానొక్క కూతురు తండ్రి దగ్గరే పనిచేసేది. కీబోర్డు వాయించడం, స్టూడియో అద్దె గంటలు కుదర్చడం, అన్నిటికంటే ముఖ్యంగా తండ్రి గొంతు కదలగానే ఫోను తీసి రికార్డు నొక్కడం ఆ అమ్మాయి పని. ఎందుకంటే ఆయనకు కట్టడమే తెలుసు, గుర్తుపెట్టుకోవడం తెలియదు. పొద్దున కట్టినది మధ్యాహ్నానికి మర్చిపోయి, సాయంత్రం అమ్మాయి వినిపిస్తే "బాగుందే, ఎవరిది?" అని అడిగిన రోజులున్నాయి. ఇంట్లో ముగ్గురూ పడీ పడీ నవ్వేవాళ్ళు.

ఆవిడకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరాక ఆస్పత్రి గదే ఇల్లయింది. గోడకు ఆనించిన మిషను ఒకటి అదేపనిగా కూసేది. ఆవిడ మందుల మత్తులో కాసేపు నిద్రపోయేది, కాసేపు మెలకువగా ఉండేది, రెండిటికీ మధ్యలో ఎక్కువ సేపు ఉండేది. ఒక సాయంత్రం ఏదో పాడమంది. కూనిరాగం మంచం పక్క స్టూలు మీద కూర్చుని పాడాడు. ఏం పాడాడో తర్వాత ఆయనకు గుర్తులేదు. పాడుతుంటే మధ్యలో కొత్త బాణీ ఒకటి నోటికి తగిలింది, దాని వెంట వెళ్ళాడు, ఆవిడ నిద్రపోయింది. అమ్మాయి అలవాటుగా కిటికీ గట్టు మీద ఫోను పెట్టింది గాని, దాన్ని తెరిచి వినే అవసరమే రాలేదు. జన్మలో మొదటిసారి ఆయనకు ఒక బాణీ గుర్తుండిపోయింది.

ఆ వారంలోనే ఆవిడ పోయింది. జడ పరీక్ష కాని పాట అదొక్కటే.

చాలాకాలం తర్వాత కూనిరాగం ఆ బాణీని బయటికి తీశాడు. కవిగారు దానికి "వాన వెలిసే వేళకు" అని మొదలుపెట్టి మాటలు రాశారు. పాట జనంలోకి వెళ్ళిపోయింది. బస్సుల్లో అదే, సెలూన్లలో అదే, పక్కింటి పిల్లవాడి ఫోనులో అదే. దారిలో ఎక్కడ వినిపించినా కూనిరాగం అది అయిపోయేదాకా నిలబడిపోయేవాడు. చూసేవాళ్ళకు ముసలాయన తన పాట తనే వింటూ మురిసిపోతున్నాడనిపించేది. ఆయనకు వినిపించేది మాత్రం ఆ గది. ఎవరి నోటి నుంచి వచ్చినా ఆ పాటలో ఆయన భార్య పక్కకు తిరిగి పడుకుని ఉండేది. అదొక్కటే ఆయనకు మిగిలింది, అది చాలనుకున్నాడు.

నోటీసు వచ్చిన రోజు దాన్ని రెండుసార్లు చదివి అమ్మాయి చేతికిచ్చాడు. "ఎవరికో రావాల్సింది మనకొచ్చినట్టుంది, చూడు" అన్నాడు.

వాళ్ళకే వచ్చింది. పాత పాటల హక్కులు గంపగుత్తగా కొనుక్కున్న కంపెనీ ఒకటి పంపింది. "వాన వెలిసే వేళకు" బాణీ, తమ సొత్తైన "తలుపు తీసే ఉంచాను, తొందరేమీ లేదులే" అనే పాటకు నకలనీ, పాట తమదని ఒప్పుకోవాలనీ, కూనిరాగం పేరు తీసేయాలనీ దాని సారాంశం.

తలుపు పాట కట్టింది పెద్దాయన. కూనిరాగానికి గురువు. మీసాలు రాని వయసులో కూనిరాగం ఆయన హార్మోనియం పెట్టె మోసి, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని పని నేర్చుకున్నాడు. డమ్మీ మాటల అలవాటు కూడా ఆయన పెట్టినదే. పెద్దాయన ఏనాడో ఏదో అవసరానికి ఒక్క సంతకంతో తన పాటలన్నీ ఎవరికో రాసిచ్చేశాడు. ఆ ఎవరో ఇంకెవరికో అమ్మారు. మనిషి కాటికి పోయినా హక్కు మాత్రం చేతులు మారుతూ దుక్కలా బతికే ఉంది.

వకీలు గారి ఆఫీసులో ఫ్యాను తిరిగితే కాగితాలు ఎగురుతాయని ఫ్యాను కట్టేసి ఉంచేవాళ్ళు. ఆయన చెమట తుడుచుకుంటూ చట్టం చెప్పాడు.

"రెండు పాటలకూ పోలిక ఉంటే ఉండచ్చండి. ఉట్టి పోలిక నేరం కాదు. మీరు అక్కణ్ణించి తీసుకున్నారా, మీ అంతట మీరు కట్టుకున్నారా అన్నదే ప్రశ్న. మీ అంతట మీరు కట్టుకుంటే ఎంత పోలికున్నా మిమ్మల్నేం చెయ్యలేరు. ఇంతకీ ఆ తలుపు పాట మీరెప్పుడైనా విన్నారా?"

"వినడమేమిటండీ. పెద్దాయన దాన్ని కడుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. మా ఆవిడకి ప్రాణం ఆ పాటంటే."

వకీలు కలం కింద పెట్టాడు. "ఈ మాట ఇంకెక్కడా ఇంత సంతోషంగా చెప్పకండి" అన్నాడు.

కంపెనీవాళ్ళు రాజీకి కూడా కబురు పెట్టారు. తలుపు పాట ఆధారంగా కట్టిందని ఒక్క ముక్క ఒప్పుకుని పాటను రాసిచ్చేస్తే కేసు ఉండదన్నారు. వకీలు గారు ఒప్పుకోమన్నాడు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకన్నాడు. కవిగారు ఫోను చేసి, "నా మాటలు నావేనటోయ్, నీ బాణీయే నీది కాదట. ఇంతకాలం ఎవరి ఇంట్లో అద్దెకున్నానో ఇప్పుడు తెలిసింది" అని నవ్వించబోయారు. కూనిరాగం నవ్వలేదు. ఇంకే పాటైనా అయితే ఆయన ఆ కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టి, టీ తాగి వచ్చేసేవాడు. ఆయనకు గొడవలంటే భయం. కానీ ఈ పాట పుట్టిన గది ఆయనకు తెలుసు. ఆధారంగా అని రాసిస్తే ఆ సాయంత్రం జరగలేదని రాసిచ్చినట్టే అనిపించింది.

"అది వాళ్ళ పాట కాదమ్మా. అది మీ అమ్మ దగ్గర కట్టింది" అన్నాడు కూతురితో.

అప్పుడు గుర్తొచ్చింది ఆ అమ్మాయికి కిటికీ గట్టు మీద పెట్టిన ఫోను. అద్దం పగిలిన పాత ఫోను బీరువా అడుగున ఉంది. ఛార్జింగు పెట్టి వెతికితే ఆ సాయంత్రం దొరికింది. ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర కూర్చుని విన్నారు. మిషను కూత, నడవాలో ఎవరివో చెప్పుల చప్పుడు, వాటి వెనక కూనిరాగం గొంతు. మెల్లిగా మొదలై, తడుముకుని, మలుపు తిరిగి, అచ్చంగా "వాన వెలిసే వేళకు" బాణీలోకి వచ్చేసింది. బాణీ పుడుతున్న చప్పుడు అది. అమ్మాయి బల్ల మీద చెయ్యి వేసి, "దొరికారు నాన్నా" అంది. ఎవరు దొరికారో ఆ పిల్లకు అప్పుడు తెలియదు.

చివర్లో ఆవిడ దగ్గు, ఏదో గొణుగుడు, ఆయన లోగొంతుకతో ఏదో అనడం. ఎవరేమన్నారో ఆ కూతలో తెలియలేదు. ఆవిడ పోయాక కూనిరాగం ఆవిడ గొంతు వినడం అదే మొదటిసారి. ఆయన బల్ల మీదికి వంగి ఫోనుకు చెవి ఆనించి ఆ చివరి ముక్కే మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు. బాణీ గురించి అడిగితే, "ఆఁ, ఉందిగా" అన్నాడు.

మర్నాడు వకీలు గారు విన్నాడు. ఆయనకు పాటలంటే బస్సు హారను కంటే కొంచెం నయం, అంతే. అయినా అడగాల్సింది ఆయనే అడిగాడు.

"మధ్యలో ఏవో మాటలున్నట్టున్నాయే. తలుపనో ఏదో. అవేమిటి?"

"అవి డమ్మీ మాటలండీ. వాటిని పట్టించుకోకండి" అంది అమ్మాయి.

ఆయన పట్టించుకోలేదు. వీధిలో పోయేవాణ్ణి పిలిచి వినిపించినా ఏ పాట మాటలో చెప్పేసేవాడు. చెప్పలేనివాళ్ళు ఈ లోకంలో ఎవరైనా ఉంటే, పుట్టినప్పటి నుంచి గ్యాసు బండల మీద, నీళ్ళ మోటార్ల మీద పెరిగిన ఆ అమ్మాయీ, ఆ తండ్రీ మాత్రమే. వాళ్ళు విన్నది బాణీని. ఆ తర్వాత విన్నది దగ్గుని. ఫోను కోర్టుకు వెళ్ళిపోయింది.

కోర్టులో ముందు సంగీతం తెలిసిన పెద్దలు ఇద్దరు సాక్ష్యం చెప్పారు. ఒకాయన రెండు పాటలూ ఒకటేనన్నాడు, ఇంకొకాయన నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరముందన్నాడు. జడ్జిగారు ఇద్దరివీ రాసుకుని ఇద్దరివీ నమ్మనట్టు కనిపించారు. కూనిరాగం వంతు వచ్చింది. తన వకీలు అడిగితే తన పని ఎలా చేస్తాడో ఉత్సాహంగా చెప్పాడు. జడ పరీక్ష గురించి చెప్పాడు. "మా ఆవిడ చెవి ఎన్నడూ తప్పలేదండీ. ఆవిడ అవునంటే అవును, కాదంటే కాదు" అన్నాడు. జడ్జిగారు కొంచెం నవ్వారు కూడా. ఆ రోజు ఇంటికొచ్చి అమ్మాయితో, "మంచిగానే వింటున్నారమ్మా" అన్నాడు.

తర్వాతి వాయిదాకు కంపెనీ వకీలు రెండు పెద్ద స్పీకర్లు తెప్పించాడు. మెత్తగా మాట్లాడే మనిషి. ఆస్పత్రి రికార్డింగు నకలు తీసుకుని, అందులోని రొదంతా తీయించి శుభ్రం చేయించామనీ, అదే వినిపిస్తామనీ అన్నాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, అది వీళ్ళ సాక్ష్యమే కదా.

మిషను కూత లేదు. చెప్పుల చప్పుడు లేదు. ఆ హాలు నిండా కూనిరాగం గొంతు ఒక్కటే, అక్షరం అక్షరం విడివిడిగా. తలుపు తీసే ఉంచాను, తొందరేమీ లేదులే. పాట నడిచింది, తడుముకుంది, మలుపు తిరిగింది, మాటలు మాత్రం అవే. ఆ తర్వాత దగ్గు. ఆ తర్వాత, పక్కనే కూర్చుని మాట్లాడినట్టు, ఆవిడ.

"ఆ పాటేగా?"

"ఆఁ, ఆ పాటే. పడుకో."

బోనులో నిలబడ్డ కూనిరాగం నవ్వాడు. చూసినవాళ్ళకు పిచ్చేమో అనిపించి ఉంటుంది. అన్నిసార్లు చెవి ఆనించి విన్నా అర్థంకాని గొణుగుడు ఇప్పుడు మాటయింది, ఆవిడ గొంతులో ఆ చిన్న జీరతో సహా. అది వినిపించినవాడు శత్రువన్న సంగతి కూడా ఆయనకు తట్టలేదు. ఆ నవ్వుతోనే తన వకీలు వైపు చూశాడు. వకీలు గారు తలదించుకుని కాగితాలు సర్దుకుంటున్నాడు. వెనక బెంచీలో అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. అప్పుడు కూనిరాగం ఆ మాటల్ని విన్నాడు.

"ఈ గొంతు మీదేనాండీ?" అడిగాడు కంపెనీ వకీలు.

"నాదే."

"మీరు పాడిన మాటలు ఏ పాటలోవి?"

"తలుపు పాటలోవే. కానీ అవి డమ్మీ మాటలండీ."

జడ్జిగారు డమ్మీ అంటే ఏమిటని అడిగారు. కూనిరాగం చెప్పాడు. గ్యాసు బండ గురించి కూడా చెప్పాడు. వెనక ఎవరో నవ్వారు. కంపెనీ వకీలు కూడా నవ్వి, నవ్వులు సద్దుమణిగేదాకా ఆగాడు.

"డమ్మీకి ఏ మాటలైనా పనికొస్తాయన్నారు. మరి ఈ పాట మాటలే ఎందుకొచ్చాయి?"

"ఇప్పుడు గుర్తొచ్చిందండీ. ఆవిడ ఆ పాట అడిగింది. అందుకని."

"ఆవిడ అడిగారు, మీరు పాడారు."

"అదే మొదలుపెట్టానండీ. బాణీ వేరేది వచ్చింది."

"మీ భార్యకు అది వేరేదిగా అనిపించలేదు కదా. ఆవిడ చెవి ఎన్నడూ తప్పలేదని మొన్న మీరే చెప్పారు."

"ఆవిడ మత్తులో ఉందండీ."

"మీరు మత్తులో లేరు కదా. ఆ పాటే అని మీరూ అన్నారు. ఆ మాట నిజమా, అబద్ధమా?"

నిజమంటే పాట పోతుంది. అబద్ధమంటే, చావుబతుకుల్లో ఉన్న భార్యతో అబద్ధం చెప్పినవాడు కోర్టుకు ఇంకేం నిజం చెబుతాడని అడుగుతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయితే కూనిరాగం అంత దూరం ఆలోచించలేదు. ఆయన ఆ గదిలో ఉన్నాడు. ఆవిడ కళ్ళు తెరిచి అడిగింది. కాదు, ఇది కొత్తది, ఇప్పుడే వచ్చింది అంటే ఆవిడ లేచి కూర్చుని వింటానంటుంది, దగ్గు తెర వస్తుంది, నర్సు కేకలేస్తుంది. ఒక్క మాటతో అయిపోతుందని అన్నాడు.

"ఆవిడ పడుకోవాలని అన్నానండీ" అన్నాడు.

జడ్జిగారు ఆ మాట రాసుకున్నారు.

తీర్పు మర్యాదగానే వచ్చింది. ఈయన దొంగ అని ఎవరూ అనడం లేదన్నారు. పడుచు వయసులో విన్న పాట లోపలెక్కడో ఉండిపోయి, దుఃఖంలో తనదిగా బయటికి వచ్చి ఉండవచ్చన్నారు. తెలిసి తీసుకున్నా తెలియక తీసుకున్నా చట్టానికి ఒకటేనన్నారు. పాట కంపెనీది. దాని కింద ఈయన పేరు ఉండకూడదు, ఈయన దాన్ని ఎక్కడా పాడకూడదు, వాయించకూడదు. గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడు, ఓడినవాడు కోర్టులోనే ఏడుస్తాడని సామెత. కూనిరాగం అక్కడ ఏడవలేదు. మెట్ల దగ్గర కంపెనీ వకీలును ఆపి, "మీరు శుభ్రం చేయించారే, అది నాకొక కాపీ ఇప్పిస్తారా?" అని అడిగాడు.

ఆ పెద్దమనిషి ఫైలు చంకలో సర్దుకున్నాడు. "అందులో మా పాట ఉంది కదండీ. కంపెనీని అడిగి చెప్తాను" అన్నాడు. అడిగాడు కూడా, మాట తప్పలేదు. కొన్నాళ్ళకు కాపీ వచ్చింది, దాంతోపాటు ఒక కాగితం. సొంతానికి వినవచ్చు, ఇతరులకు వినిపించరాదు, పంచరాదు. భార్య గొంతు వినడానికి కూనిరాగం దాని కింద సంతకం పెట్టాడు.

తీర్పు విని ఇంటికొచ్చిన రోజు నుంచే ఇల్లు వేరేగా ఉంది. ఏమిటో అమ్మాయికి వెంటనే పట్టుబడలేదు. వంటింట్లో నీళ్ళు మరుగుతున్న చప్పుడు, పైవాళ్ళ మోటారు చప్పుడు, గోడ గడియారం, అన్నీ మరీ గట్టిగా వినిపిస్తున్నాయి. తండ్రి స్నానాల గదిలోంచి చప్పుడు లేకుండా బయటికి వచ్చినప్పుడు తెలిసింది.

"నేనే ఇచ్చాను నాన్నా" అంది ఒకరోజు, అన్నం కలుపుతూ. "నువ్వు అడగలేదు. నేనే వెతికి తీసి ఇచ్చాను. ఆ మాటలేమిటని ఆయన అడిగినా కూడా పట్టించుకోవద్దన్నాను."

"నేనూ విన్నానుగా. నాకూ వినిపించలేదు."

"వాళ్ళన్నది నిజం కాదు. బాణీ వేరు. నాకు తెలుసు."

కూనిరాగం కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. తర్వాత, "నాకు తెలియడం లేదమ్మా" అన్నాడు. "ఇన్నిసార్లు పక్కపక్కన పెట్టి వినిపించారా, ఇప్పుడు ఒకటి పాడబోతే రెండోది వస్తోంది. ఎక్కడ పెద్దాయనది అయిపోయి నాది మొదలైందో చెప్పలేను. మొదలైందో లేదో కూడా చెప్పలేను."

అమ్మాయి కలిపిన అన్నం అలాగే వదిలేసింది. పాట పోయిందని అన్నాళ్ళూ ఏడ్చింది గాని, పోయింది పాట ఒక్కటే కాదని ఆ పూట తెలిసింది.

నిర్మాత ఒకాయన పాత పరిచయం మీద పని ఇస్తానని పిలిచాడు. మంచివాడే. కాకపోతే ఆయన వకీలు ఒక కాగితం ముందు పెట్టాడు. ఈ బాణీకి ఇంతకు ముందు వచ్చిన ఏ పాటతోనూ ఏ పోలికా లేదని హామీ ఇవ్వాలి. కూనిరాగం కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఇది రాసిచ్చేవాడు ఒక్క పాటా వినని చెవిటివాడై ఉండాలి బాబూ" అని మడిచి ఇచ్చేశాడు. ఆ మాటకు ఆ గదిలో అందరూ నవ్వారు. ఇంటికొచ్చాక మాత్రం హార్మోనియం మీద బట్ట కప్పాడు.

అమ్మాయి ఊరుకోలేదు. "ఏదో ఒకటి తియ్యి నాన్నా. ఎవరికీ ఇవ్వద్దు. మనకే" అని బతిమాలింది. ఆమె కోసం ఆయన కళ్ళు మూసుకుని పెదవులు కదిపాడు. ఒక చిన్న ముక్క వచ్చింది. వెచ్చగా, బాగానే వచ్చింది. అమ్మాయి చెయ్యి అలవాటు కొద్దీ ఫోను మీదికి వెళ్ళింది. అది చూసి ఆయన ఆపేశాడు.

"ఇది ఎవరిదో" అన్నాడు.

"ఎవరిదీ కాదు. నీదే."

"నీకెలా తెలుసు?"

అమ్మాయి ఫోను పక్కన పెట్టేసింది. ఒకప్పుడు ఆయన "బాగుందే, ఎవరిది?" అని అడిగితే నవ్విన ఇల్లే అది.

ఇప్పుడు సాయంత్రాలు కూనిరాగం తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంటాడు. ఇతరులకు వినిపించరాదని సంతకం పెట్టాడు మరి. మొదటిరోజు ఆ మాటే అమ్మాయితో అని, చట్టాన్ని గౌరవించాలి కదమ్మా అని నవ్వే ప్రయత్నం చేశాడు. అమ్మాయి బయట బట్టలు మడతపెడుతూ ఉంటుంది. పలచటి తలుపు, అంతా వినిపిస్తూనే ఉంటుంది. పాట మొదలవుతుంది. తడుముకుంటుంది, మలుపు తిరుగుతుంది. ఆ మలుపు దగ్గర కొన్నిసార్లు ఆపి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వింటాడు. తర్వాత వదిలేస్తాడు. దగ్గు వస్తుంది. దాని తర్వాత వచ్చే చిన్న ఖాళీలో ఆయన కుర్చీ ముందుకు జరిగిన చప్పుడవుతుంది, ఎందుకంటే ఆవిడ అడగబోతోంది, ఈసారైనా ఫోనులో ఉన్నవాడి కంటే ముందు తను జవాబు చెప్పాలి.

"ఆ పాటేగా?" అంటుంది ఆవిడ.

"కాదు. ఇది కొత్తది. ఇప్పుడే వచ్చింది, నీకే" అంటాడు కూనిరాగం, తొందర తొందరగా.

ఆయన మాట పూర్తి కాకముందే ఫోనులోని మనిషి, "ఆఁ, ఆ పాటే. పడుకో" అంటాడు. ఆవిడ ఆ మాటే వింటుంది.